మినతికి సంరక్షకుడొచ్చాడు

మినతి మండల్‌ను రక్షించి అప్పటికి ముప్పై మూడు రోజులైంది.

రక్షించడమంటే ఎలాగో కిందటి భాగాల్లో చూశాం. మిట్టమధ్యాహ్నం కలకత్తా సానివాడలోని శాంఖారి సందులోకి రెండు పోలీసు బండ్లు వచ్చాయి. వెనకే కెమెరా పట్టుకున్న అబ్బాయిలు, వాళ్ళ వెనక 'నవజీవన్ ఆశ్రయం' బోర్డు కట్టుకున్న తెల్లకారు. మినతి చేపముక్కలు వేయిస్తోంది. ఒకడు మూకుడు తన్నాడు, ఇంకొకడు ఆమె జుట్టు పట్టుకున్నాడు, మూడోవాడు ఆమె మొహం మీద తువ్వాలు కప్పి "భయపడకమ్మా, నిన్ను కాపాడుతున్నాం" అన్నాడు. పదకొండు మంది ఆడవాళ్ళను బండెక్కించారు. ఆ ఇల్లు అద్దెకిచ్చే, సందంతా పిన్నిలా చూసే బకుల్ మాసిని మాత్రం, అరవై ఏడేళ్ళ మనిషిని, ఆడపిల్లల్ని అమ్మే ముఠా నాయకురాలని జైల్లో పెట్టారు. ఆ మాసి, మినతి, ఇంకొకామె సందువాళ్ళ కమిటీ తరఫున, సందులోకి కొత్తగా ఎవరొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టుకుని వయసెంత, ఎవరు తెచ్చారు, ఇష్టపడి వచ్చావా అని ఆరా తీసి, చిన్నపిల్లల్నీ ఏడుస్తూ వచ్చినవాళ్ళనీ ఇంటికి పంపించేవారని పోలీస్‌స్టేషన్‌లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాగితం మీదికి ఎక్కించడం వాళ్ళకు అలవాటు లేదు.

ఆశ్రయంలో పొద్దున్న తొమ్మిదికి కుట్టుపని. గుడ్డసంచుల మీద, పంజరం తలుపు తీసి ఎగిరిపోతున్న పిట్టను కుట్టాలి. ఆ సంచులు విదేశాల్లో అమ్ముతారట. కిటికీలకు ఇనప ఊచలున్న గదిలో కూర్చుని మినతి ఆ వేళకు నలభయ్యో పిట్టను ఎగరేస్తోంది.

"అక్కా, ఈ పిట్ట ఎటు పోతోందంటావు?" పక్కన కూర్చున్న టగర్ అడిగింది. ఇరవై నాలుగేళ్ళది, శాంఖారి సందులో మినతి పక్కగదిలో ఉండేది. దాని నోటికి తాళం లేదు.

"ఎటు పోతుంది. పక్క వీధిలో ఇంకో ఆశ్రయం ఉంటుంది."

"నాకు ఒక్కటే దిగులక్కా. కుట్టు నేర్చుకుంటే బాగుపడతావంటుంది ఆ టీచరు. పాపం, ఆవిడ జాకెట్టు చంక దగ్గర చిరిగింది. ముందు ఆవిణ్ణి ఎవరైనా రక్షిస్తే బాగుండు."

గదిలో నలుగురైదుగురు మూతులు బిగించి నవ్వుకున్నారు. అప్పుడే ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. సెక్రటరీ దీదీ మినతిని రమ్మంటోంది.

సెక్రటరీ సుపర్ణా రాయ్‌చౌధురిది మెత్తటి గొంతు. చేనేత చీర, పెద్ద బొట్టు, కళ్ళల్లో ఎప్పుడూ ఇప్పుడే ఎవరో పోయినట్టు ఒక తడి. ఆమె అబద్ధాలాడే మనిషి కాదు. మినతికి ఒళ్ళు మండేదీ అందుకే. దొంగనైతే తిట్టి ఊరుకోవచ్చు. మంచిదాన్నని గట్టిగా నమ్మినదాన్ని ఏం చెయ్యగలం?

టేబుల్ మీద టైపు చేసిన కాగితం ఉంది. సుపర్ణ దాన్ని ముందుకు జరిపి, పెన్ను టోపీ కూడా తనే తీసి ఇచ్చింది.

"ఇది నీ కథే మినతీ. నువ్వు చెప్పలేకపోతున్నావని మేమే రాశాం. చదివి సంతకం పెట్టు."

మినతి చదివింది. బకుల్ దాసి అనే ఆడది, అంటే మాసే, మాయమాటలు చెప్పి తనను ఊరినుంచి తెచ్చిందట, కొట్టి బలవంతంగా పనిలో దించిందట, ఇన్నేళ్ళూ గదిలో బంధించి ఉంచిందట.

"కథ బాగుంది దీదీ. ఎవరిది?"

"మినతీ."

"మా సందులో మంగళవారం సంతకు నేనే వెళ్ళేదాన్ని. నెలకోసారి బ్యాంకుకు నేనే. నేను ఓటేసిన ఫోటో కూడా ఉంది. బంధించిన గదిలోంచి ఓటెలా వేశానో అది కూడా ఒక లైను రాయండి. లేకపోతే చదివేవాళ్ళు నమ్మరు."

"నువ్వు పదహారేళ్ళప్పుడు వచ్చావు. అది నిజమా, కాదా?"

"నిజం. నన్ను అమ్మారు, అదీ నిజం. బకుల్ మాసి కాదు. మా ఊరివాడు, మా ఇంటి మనిషే. అమ్మింది వేరే ఇంటికి, వేరే పేటలో. అక్కడ రెండేళ్ళు నాకు తలుపుకు బయటినుంచి గడియ. ఆ రెండేళ్ళూ ఏ తెల్లకారూ రాలేదు."

"రాలేకపోయాం. అందుకే ఇప్పుడు..."

"నా ఇరవై రెండో ఏట నేను మా దీవికి, ఇంటికెళ్ళాను దీదీ. ఎవరూ అడ్డుపడలేదు, నా కాళ్ళతో నేనే వెళ్ళాను. మూడు నెలలున్నాను. పీకల్లోతు ఉప్పునీళ్ళలో నిలబడి వలతో రొయ్యపిల్లల్ని పట్టాను. మొసలి పక్కింటామె కాలు పట్టుకుపోయింది. తొడలంతా ఉప్పుపుళ్ళు. ఒకరోజు వల ఒడ్డున పారేసి, టిక్కెట్టు కొనుక్కుని శాంఖారి సందుకొచ్చాను. మొదటిసారి నన్ను తెచ్చారు. రెండోసారి నేనొచ్చాను. ఈ రెంటికీ తేడా మీ కాగితంలో ఎక్కడుంది?"

సుపర్ణ కళ్ళు ఇంకాస్త తడిశాయి. "రెండోసారి నిన్ను తరిమింది పేదరికం. అదీ బలవంతమే కదా, తల్లీ."

"మీ వంటావిడ పొద్దున్నే మూడు రైళ్ళు మారి వస్తుంది, మోకాళ్ళ నొప్పులతో. సరదాకా? ఆవిణ్ణీ జుట్టు పట్టుకుని బండెక్కించండి మరి."

"వంటా, ఆ పనీ ఒకటేనా?"

"ఒకటి కాదు. వంటకు జీతం తక్కువ."

సుపర్ణ పెన్నుకు టోపీ పెట్టింది. తరవాత గొంతు తగ్గించి అడిగింది. "మీ సందుకు చిన్నపిల్లలు రావడం లేదని గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలవా?"

ఇది అడగాల్సిన ప్రశ్నే. మినతి వెటకారం మానేసింది.

"వస్తారు. తెచ్చేవాళ్ళు తెస్తారు. ఎలా తెస్తారో, ఏం నేర్పి తెస్తారో మాకు తెలుసు. మేం అలా వచ్చినవాళ్ళమే. గుమ్మంలో కూర్చుని ఆపేది మేం. ఆపిన పిల్లను స్టేషన్‌కు తీసుకెళితే 'సానిదానివి, నీకెందుకమ్మా నీతులు' అన్నారు. మీ రైడ్‌లో పదకొండు మందిని పట్టుకున్నారు కదా, అందరికంటే చిన్నది టగర్, దానికి ఇరవై నాలుగు. పిల్లల్ని తెచ్చేవాణ్ణి ఒక్కణ్ణి పట్టుకున్నారా? గుమ్మంలో కాపలా ఉన్న ముసలిదాన్ని జైల్లో పెట్టారు. ఇప్పుడా గుమ్మంలో ఎవరూ లేరు."

"నీచేత ఇవన్నీ మాట్లాడిస్తున్నది భయం మినతీ. నాకు తెలుస్తోంది."

మినతికి నవ్వొచ్చింది. ఏడిస్తే తన మాట, ఏడవకపోతే భయం మాట. ఈ ఆశ్రయంలో ఒక ఆడది నిజం చెప్పిందనడానికి కన్నీళ్ళొక్కటే గుర్తు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టేబుల్ మీద సుపర్ణ ముందుంచింది.

"నేను వెళ్ళొచ్చా? పిట్టలు మిగిలున్నాయి."

"ఆగు. నీకో మంచి కబురుంది." సుపర్ణ మొహం వెలిగింది. "రక్తసంబంధీకులో దగ్గరి చుట్టాలో వచ్చి బాధ్యత తీసుకుంటే నిన్ను విడిచిపెట్టమని మేజిస్ట్రేటు గారు ఆర్డరిచ్చారు. నీ పాత రేషన్ కార్డు మీద ఉన్న ఊరికి రాశాం. మీవాళ్ళు వచ్చారు."

మినతికి ముప్పై ఎనిమిదేళ్ళు. తన గది అద్దె తను కట్టుకుంది, తన జ్వరానికి తనే కషాయం పెట్టుకుంది. ఇప్పుడు గేటు దాటాలంటే తన చెయ్యి పట్టుకుని దాటించడానికి ఒక మనిషి కావాలి. ఎవరొచ్చి ఉంటారు? అమ్మ పోయింది. అక్క మంచం పట్టింది.

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. ముందు పేలాలు, బెల్లంతో చేసిన మొవా ఉండల డబ్బా, వెనక శాలువా, దానిమీద రంగేసిన జుట్టు. నిరాపద గాయెన్. అక్క మొగుడు.

ఆపద లేనివాడని తల్లి పెట్టిన పేరు. ఆ పేరుగలవాడే పదహారేళ్ళ మినతికి ఆకుపచ్చ సల్వారు కుట్టించి, కలకత్తాలో డాక్టరుగారింట్లో పిల్లవాణ్ణి చూసుకునే పని ఉందని చెప్పి, పడవెక్కించి, బస్సెక్కించి, ఒక మెట్లదారి కింద నిలబెట్టి "ఇప్పుడే వస్తానుండు" అని వెళ్ళిపోయాడు. రావడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

"కూర్చోండి, కూర్చోండి," అంటూ సుపర్ణ లేచి కుర్చీ జరిపింది. టీ తెప్పించింది, బిస్కట్లు తెప్పించింది. మినతిని కూర్చోమనడం ఎవరికీ గుర్తు రాలేదు.

"మా మినూ చిక్కిపోయిందమ్మా," అన్నాడు నిరాపద కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "వాళ్ళక్క రాత్రింబవళ్ళు దీని పేరే కలవరిస్తోంది. మీరు దేవతల్లే..."

"మా ధర్మం," అంది సుపర్ణ. పంచాయతీ ఇచ్చిన ఉత్తరం చదివింది, ముద్ర చూసింది, తృప్తిగా తల ఊపింది. "రిజిస్టరు పట్టుకొస్తాను. మీరు మాట్లాడుకోండి. ఎన్నాళ్ళకో కలిశారు."

ఆమె బయటికి వెళ్ళగానే నిరాపద మొహంలోంచి బావ దిగిపోయాడు. బిస్కట్టు టీలో ముంచాడు. కట్టుడు పళ్ళు టకటకమన్నాయి.

"ఆ కాగితం మీద సంతకం పెట్టెయ్యి మినూ."

"ఏ కాగితం?"

"ముసలిదాని మీద రాసిందట కదా. ఈ సెక్రటరమ్మ పొద్దున్న నాతో చెప్పింది. ఎలాగూ పోయే ప్రాణం, దాని నెత్తిన పెట్టు. పాత సంగతులు ఎవరూ తవ్వరు. నీకూ మంచిది, నాకూ మంచిది."

ఇప్పుడర్థమైంది. మొదట ఎవరు తెచ్చారన్న ప్రశ్న కోర్టులో పుడుతుంది. జవాబు బకుల్ అని పడిపోతే, నిరాపద పేరు ఇక ఏ కాగితం మీదికీ రాదు. మరదల్ని విడిపించడానికి కాదు, తన పేరును విడిపించుకోవడానికి వచ్చాడు.

మినతి అతన్ని పరీక్షగా చూసింది. మొదట్లో కొన్నేళ్ళు, మెట్లమీద చెప్పుల చప్పుడు వింటే చాలు ఇతనేమోనని ఆమె లేచి నిలబడేది. దొరికితే చంపాలనుకున్న రోజులున్నాయి; ఇంటికెళ్ళిన ఆ మూడు నెలలూ ఇతను ఊళ్ళో మొహం చూపించలేదు. చంపాల్సినంత మనిషి ఇక్కడెక్కడా కనిపించలేదు. తడిసిన బిస్కట్టు గడ్డం మీద పడితే నాలికతో వెతుక్కుంటున్న ముసలాడు, అంతే. ఇంత చవక మనిషి చేతిలోనా తను అమ్ముడుపోయింది?

"భయమేస్తోందా బావా?"

"నాకెందుకే భయం. సానిదాని మాట ఎవడు నమ్ముతాడు?"

"నమ్మరనేగా బెల్లం ఉండలు పట్టుకుని ఇంతదూరం వచ్చావు."

అతను కిటికీ వైపు చూశాడు. మినతి కూడా చూసింది.

వరండాలో బెంచీ మీద ఒక పిల్ల కూర్చుంది. ఎర్రటి కొత్త స్వెట్టరు, మెడ దగ్గర చీటీ కట్టిన దారం ఇంకా వేలాడుతోంది. కాళ్ళకు రెండు సైజులు పెద్ద బూట్లు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీని రెండు చేతులతో వాటేసుకుంది.

"ఎవరది?"

"ఆదురి అని, మా మనవరాలి వరస. ఎప్పుడూ పట్నం చూడలేదంటేనూ, జూ చూపిద్దామని."

మినతి బయటికి నడిచింది. వెనక కుర్చీ కిర్రుమంది. కాని అప్పుడే సుపర్ణ రిజిస్టరుతో ఎదురై, ఇక్కడ సంతకం, అక్కడ వేలిముద్ర అంటూ అతన్ని ఆపింది.

మినతి బెంచీ మీద, పిల్లకు కొంచెం ఎడంగా కూర్చుంది. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర అలాగే కూర్చోవాలి. మీదపడి అడిగితే నేర్పిన మాటే చెబుతారు.

"స్వెట్టరు బాగుందే. మీ తాత కొన్నాడా?"

"ఆఁ." అడక్కుండానే మళ్ళీ అంది. "నాకు పద్దెనిమిదేళ్ళు."

"అలాగా. మాదీ మీ దీవే. పెద్ద తుఫానుకు మీ బడి పైకప్పు లేచిపోయిందా?"

పిల్ల మొహం విచ్చుకుంది. "మొత్తం లేచిపోయింది. మా క్లాసు రేకు చెరువులో పడింది. నాలుగు నెలలు బడే లేదు."

"మీ క్లాసంటే?"

"నాలుగో క్లాసు."

ఆ తుఫాను వచ్చి నాలుగేళ్ళు. మినతి వేళ్ళు మడవాల్సిన పని కూడా లేకపోయింది.

"జూ చూశాక ఇంటికేనా?"

ఆదురి ఆఫీసు తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "ఢిల్లీకి. సాయంత్రం రైలుంది. ఎవరింట్లోనో చంటిపిల్లని చూసుకోవాలట. అమ్మకు కలకత్తా అని చెప్పాడు. ఢిల్లీ అని నాకూ రైల్లోనే చెప్పాడు. పిన్నీ, ఢిల్లీ చాలా దూరమా?"

మినతి బెంచీ మీంచి లేచింది. అప్పుడు డాక్టరుగారి పిల్లవాడు, ఇప్పుడు చంటిపిల్ల. ఇరవై రెండేళ్ళలో వీడు అబద్ధం కూడా మార్చుకోలేదు. మార్చుకోవాల్సిన అవసరం ఎవరు కలిగించారు గనక?

ఆమె ఆఫీసులోకి వచ్చి తలుపు మూసింది.

"దీదీ, ఆడపిల్లల్ని అమ్మేవాళ్ళను పట్టుకోవడం మీ పని కదా. ఒకడు మీ కుర్చీలో కూర్చుని మీ బిస్కట్టు తింటున్నాడు. నన్ను అమ్మింది ఇతనే. బయట కూర్చున్న పిల్లకు పద్నాలుగు నిండలేదు. సాయంత్రం ఢిల్లీ రైలెక్కిస్తున్నాడు."

నిరాపద తలకొట్టుకోలేదు, అరవలేదు. దిగులుగా సుపర్ణ వైపు చూసి, "చూశారా తల్లీ, ఇన్నేళ్ళూ ఇదే. అయినవాళ్ళ మీదే విషం," అన్నాడు. సంచిలోంచి పిల్ల గుర్తింపు కార్డు తీసి టేబుల్ మీద పెట్టాడు.

సుపర్ణ చూసింది. "ఆదురి. పద్దెనిమిది నిండాయి. సరిగానే ఉంది మినతీ."

"పిల్లను చూడండి, కార్డును కాదు."

"ఇంటికి వెళ్ళడానికి భయపడి నువ్వు ఏదో ఒకటి కల్పిస్తున్నావు. చాలామంది ఇలాగే చేస్తారు. మాకు శిక్షణలో చెప్పారు."

"ఒక్క ఫోను చేసుకోనివ్వండి. మా కమిటీ వాళ్ళకు. అరగంటలో వచ్చి వాళ్ళే తేలుస్తారు."

"ఫోను ఇవ్వకూడదు. నియమం. అసలు మీ కమిటీ వాళ్ళనుంచే కదా నిన్ను కాపాడింది."

దొంగ చేతికి తాళాలివ్వడం మినతి ఎరుగును. తాళాలిచ్చి, టీ ఇచ్చి, దీవెన కోసం తల వంచడం ఇప్పుడే చూస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళదాన్ని ఒంటరిగా గేటు దాటనివ్వరు, దానికి బుద్ధి రాలేదు గనక. పద్నాలుగు నిండనిదాన్ని ఢిల్లీ పంపుతారు, దాని దగ్గర కార్డుంది గనక. ఈమెతో మాట్లాడిన ప్రతి నిమిషం ఆ పిల్ల రైలుకు ఒక నిమిషం దగ్గరవుతోంది.

గోడ గడియారంలో పదకొండున్నర. మినతి చీర కొంగు దోపుకుంది. పిల్ల వెంట గేటు దాటాలంటే దారి ఒక్కటే.

"సరే దీదీ. మీరన్నదే నిజం. భయంవల్ల ఏదో వాగాను. మా బావతో వెళ్ళిపోతాను. రిజిస్టరు ఇటివ్వండి."

నిరాపద కప్పు కింద పెట్టాడు. "ఇవాళే ఎందుకులే. మనసు కుదుటపడనీ. వచ్చే నెల మళ్ళీ వస్తాను. ఇంట్లో గది కూడా సిద్ధం చెయ్యలేదు."

"అయ్యో, అదేమిటండీ," అంది సుపర్ణ ఆనందంతో. "ఆమె తనంతట తాను ఒప్పుకుంది. ఇలాంటి క్షణం మళ్ళీ రాదు. మీరిప్పుడే బాధ్యత స్వీకరించి సంతకం పెట్టారు. ఇక వెనక్కి తీసుకోకూడదు."

"అవును బావా," అంది మినతి. "బాధ్యత స్వీకరించావు కదా."

ఆమె గుండ్రంగా, స్పష్టంగా తన పూర్తి పేరు రాసింది. ముప్పై మూడు రోజుల్లో తన ఇష్టంతో పెట్టిన సంతకం అదొక్కటే. బకుల్ మాసి మీద రాసిన కాగితం నాలుగు మడతలతో అలాగే టేబుల్ మీద ఉంది. ఆ సంతోషంలో సుపర్ణ దాని మాటే మరిచిపోయింది. వెళ్ళేవాళ్ళకు ఇచ్చే సంచీ ఒకటి మినతి భుజానికి తగిలించి, ఫోటో తీయించింది. ఫోటోలో నిరాపద నవ్వలేకపోయాడు.

కుట్టుగది కిటికీ దాటుతుండగా మినతి ఊచల దగ్గరికి జరిగింది. "టగర్, వాడు నన్ను అమ్మినవాడు. ఆ పిల్లను సాయంత్రం ఢిల్లీ రైలెక్కిస్తాడు. గోలచేసో, నిప్పంటించో, ఎలాగైనా మనవాళ్ళకు కబురందించు."

టగర్ ఈసారి జోకెయ్యలేదు. పిల్లను చూసింది, ముసలాణ్ణి చూసింది, చేతిలో సంచీ కింద పడేసి లోపలికి పరుగెత్తింది.

మినతి ఆదురి చెయ్యి పట్టుకుంది. చిన్న చెయ్యి, చెమటతో జారుతోంది. రెండో చేతిని నిరాపద పట్టుకున్నాడు. చూసేవాళ్ళకు ముచ్చటైన కుటుంబంలాగే ఉంది. కాపలావాడు నవ్వుతూ గేటు తీశాడు.

రోడ్డు మీద నాలుగడుగులు వేశాక నిరాపద పిల్లకు వినపడకుండా అన్నాడు. "తెలివైనదానివే అనుకుంటున్నావు మినూ. నీ దగ్గర ఫోను లేదు, డబ్బు లేదు. ఒంటిమీద ఆశ్రయం చీర ఉంది. అరిస్తే పారిపోయిన సానిదంటారు, మళ్ళీ ఇక్కడికే తెస్తారు. నేను ఒంటరిగా వచ్చాననుకున్నావా?"

"ఒంటరిగా ఏ పనీ చెయ్యలేవని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును బావా."

అతను చెయ్యెత్తాడు. రోడ్డుకు అవతల నీడలో ఆగి ఉన్న పసుపు టాక్సీ ఇంజను మొదలైంది. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒకడున్నాడు, వెనక ఇంకొకడు. బండి నెమ్మదిగా వచ్చి వాళ్ళకు అడ్డంగా ఆగింది. వెనక తలుపు లోపలినుంచి తెరుచుకుంది.

"ముందు మీ పిన్ని ఎక్కుతుంది, ఆదురీ," అన్నాడు నిరాపద.